థర్మల్ లేబుల్ ప్రింటరు

థర్మల్ లేబుల్ ప్రింటరు అనేది సిరాకు బదులు వేడిని ఉపయోగించి, వెనుక జిగురు గల లేబుళ్ళపై అక్షరాలను, బార్‌కోడులను ముద్రించే యంత్రం. గిడ్డంగులు, ఆసుపత్రులు, కొరియరు కార్యాలయాలలో చాలాకాలంగా వాడుకలో ఉన్న ఈ ప్రింటర్లు, ఆన్‌లైన్ వ్యాపారం పెరిగిన తరువాత ఇంటి నుండి చీరలు, పచ్చళ్ళు, బొమ్మలు పంపే చిన్న దుకాణాలకు కూడా చేరాయి. పార్సిలుపై బార్‌కోడు చదవటానికి వీలుకాకపోతే సరుకు దారిలో నిలిచిపోవచ్చు, లేదా తిరిగి రావచ్చు. ఆ నష్టం అమ్మకందారుపైనే పడే అవకాశం ఉంది. అందువలన ప్రింటరు ధరతో పాటు, ముద్రణ ఎంతకాలం నిలుస్తుందో కూడా చూసి ఎంచుకోవాలి.

చరిత్ర

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ విడుదల చేసిన 'సైలెంట్ 700' అనే కంప్యూటర్ టెర్మినల్ ఉష్ణ ముద్రణను వాడిన తొలి ఉపకరణాలలో ప్రసిద్ధమైనది. 2000లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన జాక్ కిల్బీకి ఉష్ణ ముద్రణ యంత్రం ఆవిష్కరణలో కూడా భాగం ఉంది. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ట్రాయ్ పట్టణంలో ఒక సూపర్ మార్కెట్‌లో సరుకుపై బార్‌కోడును మొదటిసారిగా స్కాన్ చేశారు. ఆ తరువాత బార్‌కోడు లేబుళ్ళ అవసరం పెరిగి, వాటిని ముద్రించే యంత్రాలు విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి.

పనిచేసే విధానం

ప్రింటరులోని ప్రింట్ హెడ్‌లో అతి చిన్న తాపక బిందువులు ఒకే వరుసలో ఉంటాయి. రబ్బరు రోలరు కాగితాన్ని ముందుకు నడుపుతుండగా, అవసరమైన బిందువులు మాత్రమే క్షణకాలం వేడెక్కి ఒక్కొక్క గీతగా బొమ్మను ఏర్పరుస్తాయి. రెండు లేబుళ్ళ మధ్య ఉండే సందును గాని, వెనుకవైపు ముద్రించిన నల్లని గుర్తును గాని సెన్సరు గుర్తించటం వలన ప్రతి లేబుల్ సరైన చోట మొదలవుతుంది.

రకాలు

డైరెక్ట్ థర్మల్: ఇందులో కాగితానికే రసాయన పూత ఉంటుంది. వేడి తగలగానే పూతలోని వర్ణరహిత రంగు పదార్థం, ఆమ్ల స్వభావం గల మరొక పదార్థంతో కలిసి నల్లబడుతుంది. సిరా, టోనరు, రిబ్బను అవసరం లేదు. అయితే ఈ ముద్రణ శాశ్వతం కాదు. ఎండ వలన వెలిసిపోతుంది. నూనె, ప్లాస్టిక్‌ను మెత్తబరచే పదార్థాలు తగిలితే అక్షరాలు మాసిపోతాయి. శానిటైజరు వంటి ఆల్కహాలు ద్రవాలు పడితే కాగితమే నల్లబడవచ్చు.

థర్మల్ ట్రాన్స్‌ఫర్: ఇందులో ప్రింట్ హెడ్‌కు, లేబుల్‌కు మధ్య ఒక రిబ్బను నడుస్తుంది. వేడికి రిబ్బనుపై ఉన్న రంగు కరిగి లేబుల్‌కు అంటుకుంటుంది. మైనం, మైనం-రెజిన్ మిశ్రమం, రెజిన్ అని మూడు రకాల రిబ్బనులు ఉన్నాయి. మామూలు కాగితపు లేబుళ్ళకు మైనం సరిపోతుంది. రాపిడికి, రసాయనాలకు ఎక్కువగా తట్టుకునేది రెజిన్.

కొరియరు చిరునామా లేబుల్ కొద్ది రోజులు నిలిస్తే చాలు కనుక దానికి డైరెక్ట్ థర్మల్ తగినది. నెలల తరబడి ఉండవలసిన సీసా లేబుళ్ళకు, ధర లేబుళ్ళకు థర్మల్ ట్రాన్స్‌ఫర్ మేలు. ఆవకాయ సీసాపై డైరెక్ట్ థర్మల్ లేబుల్ అంటిస్తే, నూనె చేయి తగిలిన చోట తయారీ తేదీ కనిపించకుండా పోవచ్చు. థర్మల్ ట్రాన్స్‌ఫర్ యంత్రాలలో అనేకం రిబ్బను తీసివేస్తే డైరెక్ట్ థర్మల్‌గా కూడా పనిచేస్తాయి. రెండు అవసరాలూ ఉన్న దుకాణానికి అటువంటిది అనుకూలం.

ఎంపికలో గమనించవలసినవి

వెడల్పు: పార్సిలు లేబుల్‌కు వాడుకలో ఉన్న కొలత 4 × 6 అంగుళాలు, అనగా సుమారు 100 × 150 మి.మీ. బిల్లుల కోసం వాడే 58 లేదా 80 మి.మీ. రసీదు ప్రింటరులో ఈ లేబుల్ పట్టదు. రెండూ ఉష్ణ ముద్రణ యంత్రాలే కావటం వలన కొనేటప్పుడు ఈ తేడాను గమనించాలి.

స్పష్టత: 203 డీపీఐ యంత్రం మిల్లీమీటరుకు 8 చుక్కలు, 300 డీపీఐ యంత్రం సుమారు 12 చుక్కలు ముద్రిస్తాయి. చిరునామా లేబుళ్ళకు మొదటిది చాలు. నగల చీటీల వంటి చిన్న లేబుళ్ళకు రెండవది అవసరం.

తెలుగు లిపి: చాలా యంత్రాలలో పొందుపరచిన ఖతులు తెలుగుకు పనికిరావు. గుణింతాలు, ఒత్తులు సరిగా కూర్చటం కంప్యూటరులోనే జరిగి, ఆ ఫలితం బొమ్మ రూపంలో ప్రింటరుకు చేరాలి. 2 మి.మీ. ఎత్తులో ముద్రించే అక్షరానికి, దాని ఒత్తుకు కలిపి 203 డీపీఐలో 16 చుక్కలే దొరుకుతాయి. అందువలన ఒత్తులు పూడుకుపోతాయి. అక్షరాల పరిమాణం పెంచటం గాని, 300 డీపీఐ తీసుకోవటం గాని దీనికి పరిష్కారం.

వేగం, మన్నిక: రోజుకు 20 పార్సిళ్ళు, ఏడాదికి 300 పనిదినాలు అనుకుంటే 6,000 లేబుళ్ళు అవుతాయి. సందుతో కలిపి ఒక్కొక్కటి 153 మి.మీ. చొప్పున మొత్తం 918 మీటర్లు. ప్రింట్ హెడ్ ఆయుర్దాయాన్ని తయారీదారులు కిలోమీటర్లలో పేర్కొంటారు. 25 కి.మీ. అని పేర్కొన్న హెడ్ ఈ లెక్కన పాతికేళ్ళకు పైగా రావాలి. ఆచరణలో దుమ్ము, జిగురు, గీతల వలన ముందే పాడు కావచ్చు. ఏమైనా చిన్న దుకాణానికి ఖరీదైన పారిశ్రామిక యంత్రం అక్కరలేదు. సెకనుకు 100 మి.మీ. వేగంతో ఒక లేబుల్ ఒకటిన్నర సెకనులో వస్తుంది కనుక, వేగం కోసం అదనంగా చెల్లించటం కూడా అనవసరం.

అనుసంధానం: ఒకే కంప్యూటరు ఉన్నచోట యూఎస్‌బీ చాలు. మొబైల్ ఫోను నుండి ముద్రించేవారు బ్లూటూత్ లేదా వైఫై ఉన్నది చూసుకోవాలి. జీబ్రా సంస్థ రూపొందించిన జెడ్‌పీఎల్, టీఎస్‌సీ సంస్థ యంత్రాలలోని టీఎస్‌పీఎల్ వంటి ముద్రణ భాషలలో, దుకాణపు సాఫ్ట్‌వేరుకు ఏది కావాలో ముందే తెలుసుకోవాలి.

లేబుల్ రోలు: తయారీదారు ప్రత్యేక రోళ్ళు మాత్రమే పట్టే యంత్రం చవకగా దొరికినా, తరువాతి ఖర్చు పెరుగుతుంది. బజారులో దొరికే సాధారణ రోళ్ళు పట్టే యంత్రం మేలు. రోలు మధ్యలోని గొట్టం వ్యాసం యంత్రానికి సరిపోవాలి. చిన్న యంత్రాలకు 1 అంగుళం, పెద్దవాటికి 3 అంగుళాల గొట్టం వాడుకలో ఉంది.

రోజుకు రెండు మూడు పార్సిళ్ళే పంపే దుకాణానికి లేజర్ ప్రింటరులో ముద్రించిన కాగితాన్ని కత్తిరించి అంటిస్తే సరిపోతుంది. మామూలు ఇంక్‌జెట్ ముద్రణ మాత్రం వానకు తడిస్తే చెదిరిపోతుంది.

చట్టపరమైన అంశాలు

భారతదేశంలో 2011 నాటి తూనికలు, కొలతల ప్యాకేజీ సరుకుల నియమాల ప్రకారం, ముందుగా ప్యాక్ చేసిన సరుకుపై తయారీదారు లేదా ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, నికర పరిమాణం, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర మొదలైన వివరాలు ఉండాలి. ఆహార పదార్థాలపై ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల సంఖ్య కూడా ఉండాలి. ఈ వివరాలు చెరిగిపోకుండా ఉండటం అవసరం కనుక, వీటిని చిరునామా లేబుల్‌తో సమానంగా చూడరాదు.

జాగ్రత్తలు

* డైరెక్ట్ థర్మల్ బార్‌కోడుపై పారదర్శక టేపు అంటించరాదు. టేపు జిగురు వలన ముద్రణ వెలిసిపోవచ్చు, మెరుపు వలన స్కానరు చదవలేకపోవచ్చు.
* రోళ్ళను చల్లని, చీకటి చోట ఉంచాలి. మామూలు రకం కాగితం సుమారు 60-70 డిగ్రీల సెల్సియస్ వద్ద రంగు మారటం మొదలవుతుంది. వేసవిలో ఎండలో నిలిపిన వాహనంలో రోళ్ళను వదలరాదు.
* లేబుల్ పొడవునా సన్నని తెల్లగీత వస్తుంటే హెడ్‌పై జిగురు గాని మురికి గాని చేరి ఉండవచ్చు. విద్యుత్తు ఆపి, హెడ్ చల్లారిన తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన మెత్తని గుడ్డతో తుడవాలి. అప్పటికీ గీత పోకపోతే ఆ బిందువు కాలిపోయినట్లు భావించవచ్చు.
* ముద్రణ వేడిని అవసరానికి మించి పెంచితే హెడ్ త్వరగా అరుగుతుంది, బార్‌కోడు గీతలు అలుక్కుపోతాయి.
* ఏ4 పరిమాణంలో వచ్చిన లేబుల్‌ను 'పేజీకి సరిపడేలా' కుదిస్తే బార్‌కోడు గీతల వెడల్పు మారి స్కానరుకు అందకపోవచ్చు. లేబుల్ భాగాన్ని కత్తిరించి అసలు కొలతలో ముద్రించాలి.

ఆరోగ్యం

థర్మల్ కాగితపు పూతలో వాడే బిస్ఫినాల్-ఎ హార్మోనుల పనిని ప్రభావితం చేయగలదు. ఐరోపా సమాఖ్య 2020 జనవరి నుండి థర్మల్ కాగితంలో దీనిని బరువులో 0.02 శాతం లోపునకు పరిమితం చేసింది. ఈ పదార్థం లేని కాగితం కూడా మార్కెట్‌లో లభిస్తుంది.

ఇవి కూడా చూడండి

* బార్‌కోడు
* క్యూఆర్ కోడ్
* లేజర్ ప్రింటరు