లండన్ విడాకులు, తిరుపతి పెళ్లి

ఫ్యామిలీ సొలిసిటర్ అంటే కాపురాలు విడగొట్టే మనిషన్న మాట మనవాళ్లలో ఇంకా వినబడుతోంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి కాపురం ఎప్పుడో చెడిపోయి ఉంటుంది. పిల్లలు ఎవరి దగ్గరుంటారు, ఇల్లేమవుతుంది, వీసా నిలుస్తుందా అని అడగడానికి వస్తారు.

ఇంగ్లండ్, వేల్స్‌లో 2022 ఏప్రిల్ 6 నుంచి విడాకులకు ఎవరి తప్పూ చూపించనక్కర్లేదు. పెళ్లయి ఏడాది దాటితే ఒక్కరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. 20 వారాలు ఆగితే కండిషనల్ ఆర్డర్‌కు అడగొచ్చు, అది వచ్చాక ఇంకో ఆరు వారాల ఒక రోజుకు ఫైనల్ ఆర్డర్. ఇక్కడితో అయిపోయిందనుకుంటేనే చిక్కు.

తిరుపతిలో 1975లో పెళ్లయిన ఒక జంట కేసు విదేశాల్లో ఉన్న ప్రతి తెలుగింటికీ తెలియాలి. భర్త అమెరికాలో మిస్సోరీ కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. ఆ డిక్రీ మన దేశంలో చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లిని ఆ చట్టం ఒప్పుకునే కారణం మీదే తెంచాలి, లేదా రెండోవాళ్లు మనస్ఫూర్తిగా సమ్మతించాలి. అందుకే ఇద్దరూ ఒప్పుకుంటే ఆ మాట కాగితం మీద పెట్టిస్తాను. ఒకరు ఇండియాలో ఉండి ఉలుకూ పలుకూ లేకపోతే, అక్కడి వకీలుతో మాట్లాడందే ముందుకెళ్లొద్దంటాను.

ఆస్తుల దగ్గర మరో ఘట్టం. కోర్టుకు ఆస్తుల లెక్క చెప్పే 'ఫారం ఈ'లో ప్రపంచంలో ఎక్కడ ఏమున్నా రాయాలి. జీతం, పెన్షన్, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్లు టకటకా చెప్పేసిన అమ్మాయి, పసుపు కుంకుమ కింద వచ్చిన పొలం దగ్గర ఆగిపోతుంది. "అది మా నాన్న ఇచ్చిందండీ, అదీ రాయాలా?" రాయాలమ్మా. అది పుట్టింటి సొత్తని జడ్జికి తెలిసేది అలాగే. దాచిపెట్టి దొరికిపోతే మిగతా మాటలకూ విలువ పోతుంది. నగలు అత్తగారి లాకరులో ఉంటే పెళ్లి ఆల్బమ్ తెమ్మంటాను. వంకీలు, వడ్డాణం, కాసుల పేరు అన్నీ ఆ ఫొటోల్లో ఉంటాయి.

నన్ను నిద్రపోనివ్వనివి మాత్రం పిల్లల కేసులే. సెలవులకని ఇండియా తీసుకెళ్లి, అక్కడే బడిలో వేసేస్తారు. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు, కాబట్టి వెనక్కి రప్పించడం ఏళ్ల తరబడి పోరాటం కావచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరి సమ్మతి లేకుండా 16 ఏళ్లలోపు పిల్లల్ని దేశం దాటించడం మామూలుగా ఇక్కడ నేరం. టికెట్లు కొన్నారని అనుమానం వచ్చిన రోజే ఫోన్ చేయండి. అత్యవసరమైతే కోర్టు అదే రోజు ఆపగలదు.

డిపెండెంట్ వీసా మీద ఉన్నాం కదా అని దెబ్బలు ఓర్చుకుంటున్న ఆడపడుచులకు ఒక మాట. రక్షణ ఉత్తర్వు అడగడానికి వీసాతో పని లేదు. 2013లో లీగల్ ఎయిడ్‌ను బాగా కోసేసినా, హింసకు గురైనవాళ్లకు ఆదాయాన్ని బట్టి ఇంకా దొరుకుతుంది. పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉండిపోయినా పర్వాలేదు, ముందు మీరు రండి.