మందంతా వేరులోనే

ఉసిరికాయలు కోసుకున్నా చెట్టు మిగులుతుంది. సర్పగంధకు ఆ వీలు లేదు. మందు వేరులో, అందులోనూ ఎక్కువగా వేరు బెరడులో ఉంటుంది కాబట్టి మొక్కను పెకలించాల్సిందే.

పిచ్చికీ, నిద్రలేమికీ, పాముకాటుకూ మన వైద్యులు ఈ చిన్న పొద వేరును తరతరాలుగా వాడారు. (పాము కరిస్తే మాత్రం నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.) 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఇది రక్తపోటును కూడా తగ్గిస్తుందని రాశారు. అదే ఏడాది ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఇందులోంచి అజ్మలిన్ అనే రసాయనాన్ని వేరుచేసి, హకీం అజ్మల్ ఖాన్ పేరు దానికి పెట్టారు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 50 మంది రక్తపోటు రోగుల మీద ఈ వేరుతో చేసిన పరీక్షలు బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వచ్చాయి. మూడేళ్లకు స్విట్జర్లాండ్ కంపెనీ సీబా ఈ వేరులోంచి రిసర్పిన్ అనే మందును విడదీసింది. మొక్క మనది, పరీక్షలూ చాలావరకు మనవే. మాత్ర మాత్రం వాళ్లదయింది.

రిసర్పిన్ చేసే పని చిత్రమైనది. నాడీకణాల కొసల్లో నోరెపినెఫ్రిన్, సెరొటోనిన్, డోపమిన్ సన్నని తిత్తుల్లో నిల్వ ఉంటాయి. ఆ తిత్తుల్లోకి అవి చేరే దారిని రిసర్పిన్ మూసేస్తుంది. నిల్వ తరిగేకొద్దీ రక్తనాళాలను బిగించే సంకేతం నీరసించి, రక్తపోటు దిగుతుంది. మెదడులోనూ ఇదే జరగడంతో మగత వస్తుంది, కొందరికి దిగులు పట్టుకుంటుంది. ఇవాళ డాక్టర్లు దీన్ని అరుదుగా రాయడానికి అదొక కారణం.

ఎండిన కిలో వేరులో రిసర్పిన్ గ్రాముకు కాస్త అటూ ఇటూ దొరుకుతుంది. మరి గిరాకీ పెరిగితే అడవి ఏం కావాలి? తవ్వకాలు ఆగక, 1990లో సైటీస్ ఒప్పందం కింద దీని అంతర్జాతీయ వ్యాపారానికి అదుపు పెట్టారు. ఆయుర్వేద మందుల కోసం దేశంలో గిరాకీ ఇంకా ఉంది.

సాగు చేయమని రైతుకు చెప్పడం తేలిక. గింజలు సరిగా మొలవవు, వేరు చేతికి రావడానికి ఏడాదిన్నర నుంచి మూడేళ్లు పడుతుంది. అన్నాళ్లు భూమిని దీనికి వదిలిన రైతుకు కొనేవాడెవరో, ధర ఎంతో ముందే తెలియాలి. మన ప్రాచీన వైభవం మీద జరిగే సదస్సుల కన్నా బాగా మొలిచే విత్తనం మీద, వేరులో మందు ఎంతుందో కొనుగోలు కేంద్రంలోనే తేల్చే పరీక్ష మీద పెట్టే ఖర్చు ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

అడవిలో సేకరించేవారికి ఒక వెసులుబాటు ఉంది. ఆకు రాలే శీతకాలంలో వేరులో మందు పాలు ఎక్కువ. అప్పటికి పండ్లు పండి గింజ నేలకు చేరి ఉంటుంది. దళారి తొందరపెట్టకుండా అన్నాళ్లు ఆగనిస్తే మంచి సరుకూ వస్తుంది, మొక్కకు మరో తరమూ మిగులుతుంది.