నింపాది ఓడలో లొంబోకుకు

ఇండోనేషియాలోని బాలీ ద్వీపానికి తూర్పు తీరాన పదంగ్‌బాయి అనే చిన్న రేవుంది. అక్కణ్ణించి పక్క ద్వీపం లొంబోకుకు రెండు దారులు: రెండు గంటల్లో దింపే వేగపు పడవ, నాలుగైదు గంటలు తీసుకునే పెద్ద ఓడ. వీపున సంచులతో బయల్దేరిన ఆలుమగలకు తగవొచ్చేది ఇలాంటి చోటే. మావారికి తొందర, నాకు పొదుపు. నా మాటే నెగ్గింది లెండి!

ఓడ అడుగున లారీలు, పైన జనం. అన్నం పొట్లాలమ్మే ఆడవాళ్ళు ఓడ కదలబోయేదాకా దిగరు. ఎదుట రింజని అగ్నిపర్వతం కనిపిస్తూనే ఉంటుంది. ఒడ్డు మాత్రం రాదు. 1856లో ఈ జలసంధినే దాటిన ఆంగ్లేయ ప్రకృతి శాస్త్రజ్ఞుడు వాలెస్, బాలీలో వడ్రంగి పిట్టలను చూసి, లొంబోకులో ఆస్ట్రేలియా జాతి కాకతువ్వలను చూసి విస్తుపోయాడు. మంచుయుగంలో సముద్రం వంద మీటర్లకు పైగా తగ్గినా, ఇంత లోతైనచోట నేల తేలలేదు. అందుకే ఇటు జంతువులు చాలావరకు అటు పోలేదు. ఇది చెప్పాక మావారు గడియారం చూసుకోవడం మానేశారు.

లొంబోకుకు వాయవ్యాన మూడు గిలి దీవులున్నాయి. మోటారు బళ్ళు నిషేధం; చిదోమో అనే జట్కాలే గతి. ఎండలో పెట్టెల బరువు లాగే ఆ పొట్టి గుర్రాలను చూస్తే, మన సంచి మన వీపున ఉండడమే నయమనిపించింది.

గిలి అయిర్‌లో మేము దిగిన ఇంటావిడ, వచ్చీరాని ఇంగ్లీషులో 2018 ఆగస్టు 5 నాటి భూకంపం సంగతి చెప్పింది. ఆ నెల కంపాల్లో లొంబోకు ప్రాంతాన 500 మందికి పైగా పోయారు. యాత్రికులు పడవల కోసం ఒడ్డున కిక్కిరిశారు.

"వాళ్ళు వెళ్ళిపోయారు. మేమెక్కడికి పోతాం?" అందావిడ, చేపలకు పసుపు రాస్తూ.

మేము ఆ సాయంత్రమే బయల్దేరాలి. ఇంకో రెండు రోజులుందామని ఈసారి మావారే అన్నారు. అద్దె ముందుగానే ఇచ్చేశాం.