బూటు చిరిగితే యాక్సిలు మార్చాలా?

కారు కింద యాక్సిలు జాయింటును కప్పే రబ్బరు బూటు చిరిగిందని తేలగానే అమెరికాలో మెకానిక్ షాపుల్లో తరచుగా వినిపించే మాట: "యాక్సిలు మొత్తం మార్చేద్దాం." కూలి ఖరీదైన దేశంలో వాళ్ల లెక్క సబబే. జాయింటు విప్పి, కడిగి, మళ్లీ కూర్చే సమయానికి పడే ఖర్చుకన్నా కొత్త యాక్సిలు తగిలించడమే వాళ్లకు కలిసొస్తుంది. ఆదివారం ఇంటి గరాజ్‌లో తన పని తాను చేసుకునేవారికి మాత్రం ఆ లెక్క వర్తించదు. మలుపుల్లో టకటక శబ్దం మొదలవకముందే చిరుగు కంటపడితే, చక్రం వైపు జాయింటును శుభ్రం చేసి కొత్త బూటు తొడగడమే మేలని నా వాదన.

ఇందుకు కారణం ఆ జాయింటు నిర్మాణంలోనే ఉంది. ఫోర్డ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ ర్జెప్పా 1920ల్లో రూపొందించిన ఈ ఏర్పాటులో ఆరు ఉక్కు బాల్స్ లోపలి, బయటి రేసుల (వలయాల) గాడుల్లో నడుస్తాయి. కేజ్ అనే చట్రం వాటిని కుదురుగా పట్టి ఉంచుతుంది. అందుకే చక్రం ఎటు మళ్లినా తిరిగే వేగంలో కుదుపు రాదు. 1959 నాటి బ్రిటిష్ మినీ కారుతో ఇది సామాన్యుల బండ్లకు చేరింది, మన రోడ్ల మీద 1983 నుంచి మారుతీ 800తో పరిచయమైంది. గ్రీజు ఉన్నంతకాలం ఆ ఉక్కు అంత తొందరగా అరగదు. ముందు పోయేది పైనున్న బూటు రబ్బరే. మడతలో పగులు రాగానే చక్రం విసురుకు నల్లటి గ్రీజు రిమ్ము లోపలివైపు చిమ్ముతుంది. అదే సందులోంచి నీళ్లు, ఇసుక, మంచు కురిసే అమెరికా రాష్ట్రాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు లోపలికి చేరతాయి.

జాయింటు బాగుందో లేదో విప్పి చూస్తేనే తెలుస్తుంది. ముందుగా రేసులకూ కేజ్‌కూ గుర్తులు పెట్టాలి, ఇన్నేళ్లూ కలిసి అరిగిన భాగాలే మళ్లీ జతపడాలి కనుక. కేజ్‌ను పక్కకు వంచి బాల్స్ ఒక్కొక్కటే తీసి, అన్నీ కడిగి, గాడి వెంట గోరు నడిపి చూడాలి. గుంట తగిలితే జాయింటు పనైపోయినట్టే. నున్నగా ఉంటే నిక్షేపంగా వాడుకోవచ్చు. కూర్చేటప్పుడు బూటునూ చిన్న క్లాంపునూ ముందే షాఫ్టుకు ఎక్కించాలి. మరిచిపోతే పనంతా మొదటికొస్తుంది. కొత్త బూటు కిట్‌లోని మాలిబ్డినం గ్రీజును జాయింటులోకి బాగా ఎక్కించి, మిగిలింది బూటులో నింపాలి. జాయింటును షాఫ్టుకు పట్టి ఉంచే పాత సర్‌క్లిప్ పారేసి కొత్తది వేయాలి. చివరి క్లాంపు బిగించేముందు బూటు అంచు కాస్త ఎత్తి లోపలి గాలి వదలాలి.

కొత్త యాక్సిలు చవకగా దొరుకుతుంటే ఈ గ్రీజు మరకలు ఎందుకనవచ్చు. చవక యాక్సిలులోని ఉక్కూ అమరికా కంపెనీ బిగించినదానికి సాటి వస్తాయన్న భరోసా లేదు. అంతకన్నా బలమైన అభ్యంతరం భద్రత. ఒక్క జాకీనే నమ్మి కారు కిందికి దూరకూడదు, స్టాండ్లు ఉండాల్సిందే. చక్రం మధ్యలోని నట్టును కంపెనీ చెప్పిన టార్క్‌కు బిగించకముందే బండి బరువు ఆ చక్రం మీద మోపితే బేరింగు దెబ్బతింటుంది. టార్క్ రెంచి లేనివారు ఈ పని జోలికి వెళ్లకపోవడమే మంచిది. మలుపులో ఇప్పటికే టకటకమంటుంటే షాపువాళ్ల మాటే సరి, కొత్త గ్రీజు ఆ అరుగుదలను పూడ్చలేదు. ఇంజనాయిలు మార్చిన ప్రతిసారీ టార్చిలైటు వేసి నాలుగు బూట్లూ చూసుకునేవారికి అంతదాకా వచ్చే అవసరం అరుదు.