బస్సులో ఎవరి పాట?

ఇండస్ట్రియల్ టూర్ బస్సులో జరిగే గొడవ మీకు తెలిసిందే. బ్లూటూత్ ఎవరి ఫోన్‌కి కనెక్ట్ అయితే వాళ్ళదే రాజ్యం. వెనక సీట్లకి తమన్ బీట్ కావాలి, ముందు సీట్లో ఒకడికి ఇళయరాజా కావాలి, కిటికీ పక్కనున్న అమ్మాయి ఏమీ అడగదు. దీన్ని తీరుద్దామని మినీ ప్రాజెక్టుగా మేం నలుగురం ఒక యాప్ మొదలుపెట్టాం. అందరూ పాటలు చేరుస్తారు, ఓట్లేస్తారు, ఎక్కువ ఓట్లొచ్చిన పాట ముందు మోగుతుంది.

కోడ్ రాయకముందు ఏ4 కాగితాల మీద పెన్సిల్‌తో స్క్రీన్లు గీశాం. ఎదుటివాళ్ళు వేలితో నొక్కితే మాలో ఒకడు కాగితం మారుస్తాడు. తప్పు దొరికితే రబ్బరు చాలు. కోడయితే ఆ తప్పుని మనమే వెనకేసుకొస్తాం, రాత్రంతా కూర్చుని రాసింది కదా!

మొదటి పొరపాటు మాదే. "బాగుందా?" అని అడిగాం. స్నేహితుణ్ణి అడిగితే "సూపర్ రా" అనక ఏమంటాడు? తర్వాత అడగడం మానేసి పని ఇచ్చాం: "ఈ పాట నీకొద్దు, ఏం చేస్తావో చెయ్. మనసులో అనుకునేది పైకి చెబుతూ చెయ్." ఒక జూనియర్ కింది బాణం మూడుసార్లు నొక్కాడు. వాడు లిస్టు కిందికి జరుపుతున్నాననుకున్నాడు, మా లెక్కలో అది వ్యతిరేక ఓటు! చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాం. టెస్టులో కష్టమైన పని అదే.

ఐదుగురితో పరీక్షిస్తే సుమారు 85 శాతం లోపాలు బయటపడతాయని జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. అయితే ఆ లెక్క విడివిడిగా కూర్చునే ఐదుగురిది. మా యాప్ గుంపుది. ఐదుగురు కలిసి కూర్చుంటే అది ఒక్క టెస్టే.

అందుకే ఖాళీ క్లాస్‌రూమ్‌లో ఆరుగురిని కూర్చోబెట్టాం. సర్వర్ లేదు. ఓట్లు లెక్కపెట్టి బోర్డు మీద లిస్టు రాసేవాణ్ణి నేను, స్పీకర్లో పాట పెట్టేవాడు ఇంకొకడు. వాళ్ళలో నలుగురు ఒకే గ్యాంగ్, ఒకరి పాటకి ఒకరు ఓట్లు. ఒక జూనియర్ అమ్మాయి చేర్చిన ఘంటసాల పాట నలభై నిమిషాలు అట్టడుగునే ఉంది, పైగా రెండు వ్యతిరేక ఓట్లు, పేర్లతో సహా. కాసేపటికి తను ఫోన్ బోర్లించేసింది. చివర్లో అడిగితే, "యాప్ బాగుంది అన్నా, నాకే పాటలు పెద్దగా తెలీవు" అంది. ఆ పాట మొత్తం తనకి నోటికొచ్చని వాళ్ళ రూమ్మేట్ తర్వాత చెప్పింది.

ఇలాంటి సమస్య మనకంటే ముందే ఎదుర్కొన్నవాళ్ళున్నారు. 1998లో అమెరికాలో ఒక వ్యాయామశాల కోసం చేసిన మ్యూజిక్‌ఎఫ్‌ఎక్స్ గురించి పరిశోధన పత్రం వచ్చింది. సభ్యులు ఒక్కో సంగీత రకానికి ప్లస్ 2 నుంచి మైనస్ 2 దాకా మార్కులిస్తారు. లోపలున్నవాళ్ళ మార్కులు కలిపి, పైనున్న కొన్ని రకాల్లోంచి లాటరీలా ఒకటి తీస్తుంది. ఎక్కువ మార్కులుంటే ఎక్కువ అవకాశం, అంతే. ప్రతిసారీ అదే గెలవదు.

మేం లాటరీ దాకా పోలేదు. వ్యతిరేక ఓటు తీసేశాం, పేర్లు దాచేశాం, వంతులవారీగా మనిషికో పాట పెట్టాం. రెండో టెస్టులో ఘంటసాల పాట నాలుగోది. గ్యాంగులో ఒకడు "మరి ఓటెందుకు?" అని గొడవ పెట్టుకున్నాడు, ఇంకొకడు తన వంతుకి తొమ్మిది నిమిషాల రీమిక్స్ చేర్చాడు. ఇప్పుడు మళ్ళీ పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాం.