పింఛను ముట్టిన చాలునా?

ప్రతి నెల మొదటి దినమున సచివాలయోద్యోగులు ఇంటింటికి వచ్చి పింఛనులు పంచుచున్నారు. ధర్మవరమున ఒక నేతగాని యింట, మగ్గపు గుంత ప్రక్కను, చెవిటి బాలుడొకడు కూర్చుండియున్నాడనుకొందము. 2024 జూలై మొదలు వానికి నెలకు 6,000 రూపాయలు ముట్టుచున్నవి. ఇది మిక్కిలి హర్షణీయము. సొమ్ము ముట్టిన లెక్క సరిగానే యున్నది. కాని గడచిన నెలలో ఆ బాలుడు ఎన్నినాళ్లు బడికి పోయెనని యడుగువారెవరు?

చట్టములకు కొదువ లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము, 14 ఏండ్ల లోపు పిల్లల పట్టికను ఉంచు బాధ్యతను స్థానిక సంస్థలకు అప్పగించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, 40 శాతమునకు తగ్గని వైకల్యము గలవారికి 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా నొసంగినది. ఐదేండ్ల కొకమారు బడిపిల్లలలో అట్టివారిని గుర్తింపవలసిన భారమును ప్రభుత్వముతోపాటు స్థానిక సంస్థలపైనను మోపినది.

ఆచరణములో జరుగుచున్నదేమి? ధ్రువపత్రము ఆసుపత్రి పని, పింఛను సచివాలయము పని, చదువు విద్యాశాఖ పని. మండల కేంద్రములందలి భవిత కేంద్రములు సమగ్ర శిక్షకు జవాబుదారులు. అందలి ఉపాధ్యాయులు మంచము దిగలేని పిల్లలకు ఇంటికే పోయి చదువు చెప్పవలసియున్నది. ప్రాథమిక తరగతులలో ఇట్టి పిల్లలు 10 మందికి, పై తరగతులలో 15 మందికి ఒక ప్రత్యేకోపాధ్యాయుడుండవలెనని 2022లో కేంద్రప్రభుత్వము ప్రకటించినది. మన యూళ్లలో ఎందరున్నారు, ఎందరు కావలెను అని అడుగవలసిన పెద్ద యెవరు? నలుగురి చేతులలో నున్న బిడ్డ యెవరి చేతిలోను లేని బిడ్డయే.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము మూడును బెంగుళూరు రైలు దారిలో నున్నవి. కలిగినవారు రైలెక్కి పెద్ద వైద్యులకు తమ బిడ్డలను చూపింతురు. నేతగాడు ఒక దినము కదలిన ఒకదినపు కూలి పోవును. కావున ఊరి సంస్థయే వాని పక్షమున అడుగవలెను.

“జీతములిచ్చునది ప్రభుత్వము, మాకేమి అధికారము?” అని పురపాలకులనవచ్చును. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యాచట్టము స్థానిక సంస్థలకు విద్యాపన్ను విధించు అధికారమునే యిచ్చినది. నాడు కాని పరాయిపని నేడెట్లయ్యెను? మేము కోరునది పన్ను కాదు, పట్టిక మాత్రమే. పింఛను పట్టికను బడిపట్టికతో సరిచూచి, బడికి రానివారి సంఖ్యను, ఉపాధ్యాయుల ఖాళీలను, చక్రపుకుర్చీ పోవు వాలుదారులు లేని బడులను, అందని రవాణా భత్యములను మూడు నెలలకొకమారు సభలో నుంచవలెను. సంఖ్యలు చాలును, పిల్లల పేర్లు బహిరంగముగా చదువరాదు. బడి యాజమాన్య సంఘములలో ముప్పాతికమంది తలిదండ్రులే యుండవలెనని చట్టము. అందు ఇట్టి బిడ్డల తల్లులకును చోటు కల్పింపవలెను.

ఊరి పెద్దలును, రైతులును, వర్తకులును తమ తమ వార్డులందు ఈ ప్రశ్న నడిగిన సభలు కదలక మానవు. వచ్చు నెల మొదటి దినమున పింఛను తెచ్చిన యుద్యోగి, సొమ్ము చేతికిచ్చి, “అమ్మా, పిల్లవాడు బడికి పోవుచున్నాడా?” అని యడిగి వ్రాసికొనిన నాడు మన యూళ్లలో ఈ చట్టములు నడచినవని మేమొప్పుకొందుము.