డిస్కు చెడినా పహాణీ చెడకుండా

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఒకప్పుడు ఊరి భూముల లెక్క అంతా పట్వారీ దస్తరంలో ఉండేది. 1954-55 నాటి ఖాస్రా పహాణీని రైతులు నేటికీ ఆధారంగా చూపుతారు. అటువంటి కాగితానికి చెద పట్టినా, వాన తగిలినా రైతు హక్కుకు ఋజువు పోయినట్లే. క్రమంగా ఈ లెక్కలు కంప్యూటరులోకి ఎక్కాయి. 2020 అక్టోబరు 29న ధరణి, దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చాయి. కాని డిస్కు కూడా యంత్రమే. ఏనాడో ఒకనాడు చెడక తప్పదు. అప్పుడు అందులోని లెక్కలేమవుతాయి?

ఈ సమస్యకు 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ఒక మార్గం ప్రకటించారు. ఖరీదైన పెద్ద డిస్కుకు మారుగా చౌక డిస్కులను జట్టుగా కూర్చి, వాటిలో కొంత అదనపు సమాచారం ఉంచాలన్నారు. ఈ జట్టునే 'రెయిడ్' అంటారు.

ఒకే సమాచారాన్ని రెండు డిస్కులపై వ్రాయడం 'మిర్రరింగ్', అనగా అద్దం పట్టడం. ఇందులో ఖర్చు రెట్టింపవుతుంది. రెండవ పద్ధతి 'పారిటీ'. ముగ్గురు రైతులకు వరుసగా 2, 3, 4 ఎకరాలు ఉన్నవనుకొందాము. ఈ మూడు అంకెలను మూడు డిస్కులపైన, మొత్తం 9ని నాల్గవదానిపైన వ్రాద్దాము. రెండవ డిస్కు చెడినచో, 9 నుండి 2ను, 4ను తీసివేయగా పోయిన అంకె 3 అని తేలుతుంది. నిజానికి కంప్యూటరు కూడికకు బదులు '1'ల సంఖ్య సరియా, బేసియా అని చూస్తుంది. సూత్రం మాత్రం ఇదే. రెండు డిస్కులు ఒకేసారి చెడితే ఈ లెక్క తేలదు. అందుచేత 'రెయిడ్-5' ఒక డిస్కు నష్టాన్నే తట్టుకొంటుంది. రెండు విధాల అదనపు లెక్క గల 'రెయిడ్-6' రెండింటి నష్టాన్ని తట్టుకొంటుంది. 'రెయిడ్-0'లో అదనమేమీ లేదు. ఒక్కటి చెడినా అంతా పోతుంది.

చెడిన దాని స్థానంలో కొత్త డిస్కు పెట్టి, పోయిన సమాచారాన్ని తిరిగి వ్రాయించడం 'రీబిల్డ్'. పెద్ద డిస్కులకు దీనికి చాలా గంటలు, ఒక్కొక్కప్పుడు రోజులు పడుతుంది. రెయిడ్-5లో ఆ వ్యవధిలో మరొకటి చెడితే సమాచారం దక్కదు.

అయితే రెయిడ్ వేరు, బ్యాకప్ వేరు. ఎవరైనా పొరపాటున 3 ఎకరాలను 3 గుంటలుగా దిద్దితే, డిస్కులన్నీ ఆ తప్పునే భద్రపరుస్తాయి. నిన్నటి లెక్క కావాలంటే నిన్నటి ప్రతి విడిగా ఉండాలి, అదే బ్యాకప్. అది మరొక ఊరిలో ఉండడం ఇంకా అవసరం. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ కంప్యూటరు కేంద్రానికి నిప్పంటుకొన్నది. ఉద్యోగులు దాచుకొన్న 858 టెరాబైట్ల దస్త్రాలకు బయట ప్రతి లేనందున అవి నష్టమైనవి.

అందుకే నిపుణులు మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, ఒకటి దూరప్రాంతంలో ఉంచాలంటారు. ఆ ప్రతినుండి లెక్క నిజంగా తిరిగి వస్తున్నదో లేదో అప్పుడప్పుడు పరీక్షించి చూడాలి. పంట అప్పుకోసం బ్యాంకుకు వెళ్ళిన రైతుకు తన పేరు, తన సర్వే నంబరు ఉన్నవి ఉన్నట్లు కనబడినప్పుడే ఈ ఏర్పాట్లన్నీ సార్థకమవుతాయి.